కూర్మయ్య ముక్కు

“వంకాయ, ఎండు రొయ్యలు,” అన్నాడు కూర్మయ్య కళ్ళు మూసుకుని.

వరండాలో ఉన్నవాళ్ళు నాలుగిళ్ళ అవతలికి పరుగెత్తి ఎర్రమ్మ కుండ మూత తీసి చూశారు. వంకాయే. ఎండు రొయ్యలే. కూలీల ఇళ్ళ లైనంతా చప్పట్లు కొట్టింది. అంతకుముందే కుళాయి దగ్గర ఆడవాళ్ళతో కబుర్లు ముగించి బిందెతో వచ్చి, గుమ్మంలో గాజులు గలగలలాడించిన అప్పలమ్మ, మొగుడి గొప్ప తనదే అన్నట్టు నవ్వింది.

సూరిబాబు మాత్రం చప్పట్లు కొట్టలేదు. అతను కౌలాలంపూర్‌లో పుట్టి చదువుకుని, మాట చివర అక్కడివాళ్ళ ‘లా’ తగిలించే తెలుగువాడు. బుకిత్ ఆరంగ్ గనికి కంపెనీ అతన్ని ఒక పని మీద పంపింది. ఆ గనిలో బొగ్గు దానంతటదే వేడెక్కి లోలోపల రాజుకుంటుంది. మంటకి ముందు కమురు వాసన వస్తుంది. ఆ వాసన పట్టడం కూర్మయ్య ఉద్యోగం. ఇరవయ్యేళ్ళుగా రోజూ అందరికన్నా ముందు దిగి, సొరంగాలన్నీ తిరిగి, ఆయన సరేనంటేనే మిగతావాళ్ళు దిగుతున్నారు. ఇప్పుడు సూరిబాబు దగ్గర ఒక గాజు గొట్టం ఉంది. గాలి చెడితే అందులోని పొడి రంగు మారుతుంది. వారంలో మెర్దెకా, దేశానికి స్వాతంత్ర్యం. అది కాగానే అతను రిపోర్టు ఇవ్వాలి. ముక్కు ఉంచాలా, గొట్టం ఉంచాలా? ముక్కు వద్దంటే కూర్మయ్యకి ఉద్యోగంతో పాటు కంపెనీ ఇల్లు కూడా పోతుంది.

భయంగా లేదా అని సూరిబాబు అడిగాడు.

“నాకేటి బయం బావూ? నీ గొట్టానికి జలుబు సేత్తే ఏటవుద్దో సూసుకో.”

ఆ రాత్రి అతనికి వాళ్ళింట్లోనే భోజనం. మొదటి ముద్దకే సూరిబాబు కళ్ళు నీళ్ళతో నిండాయి. కూర్మయ్య ఇంకో గుప్పెడు పచ్చిమిరపకాయలు నంజుకుని కూర చప్పగా ఉందన్నాడు. అడవిలో తిరుగుబాటుకని సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన ఏడు ఆయనకి విషజ్వరం తగిలిందనీ, అప్పట్నుంచీ నోటికి ఏదీ ఆనదనీ చెబుతూ మధ్యలో మాట మార్చి, అప్పలమ్మ ఎర్రమ్మ సంగతి ఎత్తుకుంది. బియ్యం అడవిలోని తిరుగుబాటుదార్లకి చేరకుండా ముళ్ళకంచె గేటు దగ్గర గార్డులు ప్రతి సంచీ విప్పి చూస్తారు. ఎర్రమ్మ పక్క తోటలో ఉన్న చెల్లెలికి బియ్యం పట్టుకెళ్ళేటప్పుడు పైన ఒక దురియన్ పండు పెడుతుంది. దురియన్ పండిందంటే మూడు వీధుల అవతల నిద్రపోయేవాడికి కూడా తెలుస్తుంది. ఆ కంపుకి గార్డు రెండు చేతులతో ముక్కు మూసుకుంటాడు. ఇక సంచి విప్పడానికి చేతులేవీ? సూరిబాబు పొలమారేలా నవ్వాడు.

ఐదు రోజులు ఇద్దరూ కలిసి గనిలో తిరిగారు. కూర్మయ్య ముక్కు పైకెత్తి, సొరంగం మారుమోగేలా గాలి పీల్చేవాడు. మధ్యలో ఆగి, పిల్లకి జ్వరం చూసినట్టు చేతి వెనుకవైపు బొగ్గుగోడకి ఆనించేవాడు. గోడ మీది చెమట బొట్లకేసి దీపం పట్టుకుని చూసేవాడు. బొద్దింకలు ఎదురైతే పక్కకి తప్పుకుని, అవి ఎటు పోతున్నాయో చూసి మరీ కదిలేవాడు. పెద్దాయన చాదస్తం అనుకున్నాడు సూరిబాబు.

మెర్దెకాకి ముందురోజు ఆరో సొరంగంలో కూర్మయ్య గోడ మీంచి చెయ్యి తియ్యలేదు.

“కమురు కొడతంది. ఎవులూ దిగొద్దని సెప్పు.”

సూరిబాబు గాలి పీల్చి చూశాడు. ఏ వాసనా లేదు. గొట్టంలో పొడి తెల్లగానే ఉంది. పైన ఎనభైమంది దిగడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ రోజు బొగ్గు తీస్తేనే మర్నాడు జెండా చూడ్డానికి కౌలాలంపూర్‌కి లారీలు. ఇది తప్పయితే సాయంత్రానికి ఇల్లు పోతుందని అతను గుర్తు చేశాడు.

“కాళీ సేత్తాన్లే. ముందు నువ్వు పైకి నడు.”

ఎనభైమందీ గొణుక్కుంటూ పైన కూర్చున్నారు. ముక్కుకి ముసలితనం వచ్చిందన్నాడొకడు. లారీ బదులు ఆయన ముక్కెక్కి జెండా చూడాలన్నాడు ఇంకొకడు. రెండు గంటలు గడిచాయి. ఆరో సొరంగం మూతిలోంచి నల్లటి పొగ బుసకొట్టింది.

 గొణిగినవాళ్ళే కూర్మయ్యని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎర్రమ్మ పరుగున వచ్చి ఆ ముక్కుకి దిష్టి తీసి, కొసన కుంకుమ బొట్టు పెట్టింది. సొరంగం మూతికి ఇటుకల గోడ కట్టేశారు. సెలవూ ఇచ్చారు, లారీలూ ఇచ్చారు.

మర్నాడు లారీలు తిరిగొచ్చిన సాయంత్రం లైను ముందు డప్పులు మోగాయి. కర్ఫ్యూ లేని సాయంత్రం. ఎవరి కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో వాళ్ళకే తెలియడం లేదు. కూర్మయ్య దండతో, ముక్కు మీద బొట్టుతో, పెళ్ళికొడుకులా కుర్చీలో కూర్చున్నాడు. సూరిబాబు ఒక గోనెసంచి తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ముక్కే ఉండాలని రాశాననీ, రిపోర్టు జేబులోనే ఉందనీ, రేపే ఇస్తాననీ చెప్పాడు. ఇదుగో బహుమానం, విప్పకుండా చెప్పమన్నాడు. ముందు వరసవాళ్ళు నవ్వుతూ రెండడుగులు వెనక్కి జరిగారు.

కూర్మయ్య కళ్ళు మూసుకుని నిండుగా గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. జనాన్ని తోసుకుంటూ వస్తున్న అప్పలమ్మ, గాజులు చిట్లిపోయేలా చేతులు ఊపింది. ఆ డప్పుల్లో గాజులెవరికి వినిపిస్తాయి? కూర్మయ్య ఒక కన్ను కొద్దిగా తెరిచి, సంచిలో గుండ్రంగా ఉబ్బినవాటిని చూశాడు.

“కొబ్బరికాయలు.”

డప్పులు ఆగిపోయాయి. సూరిబాబు అప్పలమ్మ మొహంకేసి చూశాడు. తర్వాత కూర్మయ్య చేతి వెనుక, బొగ్గుగోడకి ఆనించే చోట కమిలిన చర్మంకేసి చూశాడు. జేబులో రిపోర్టు ఓసారి తడుముకుని, అలాగే ఉంచి, సంచి భుజానికెత్తుకున్నాడు.

“కొబ్బరికాయలే లా, మావా,” అన్నాడు.

ఎర్రమ్మ అందుకుని కొబ్బరికాయలే అంది. ఒకరి వెనక ఒకరు ఎనభైమందీ అదే మాట అన్నారు. కూర్మయ్య మీసం దువ్వుకున్నాడు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

సంచిలో ఉన్నవి దురియన్ పళ్ళు.