చిక్కటి నీళ్లు

"ఇవి నీళ్లా, జిగురా? మా ఆవిడ నా మీద కక్ష తీర్చుకుంటోంది డాక్టరమ్మా!" పక్షవాతం నుంచి తేరుకుంటున్న పెద్దాయన గ్లాసు పక్కకు తోశాడు.

డాక్టరమ్మ ఒక పళ్లెం ఏటవాలుగా పట్టుకుని దాని మీద మామూలు నీళ్లు పోసింది. చటుక్కున జారిపోయాయి. గ్లాసులోని, చిక్కబరిచే పొడి కలిపిన నీళ్లు మెల్లగా పాకాయి.

"పల్చటి నీళ్లు మీ గొంతు సర్దుకునేలోపే ఊపిరితిత్తుల్లోకి దూకేస్తాయి. ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని నింపాదిగా దిగుతాయి."

"నిజమే. కానీ ఇవి మింగే అవస్థ ఈవిడకేం తెలుసు?"

"తెలియకేం? వారం నుంచి నేనూ అవే తాగుతున్నా," అంది భార్య.

"నీకేం ఖర్మ?"

"మీరు తాగలేని నీళ్లు నాకు మాత్రం గొంతు దిగుతాయా?"

ఆయన గ్లాసు అందుకుని గుక్కెడు మింగాడు. దగ్గు రాలేదు.

"అన్నీ ఉండలే! రేపట్నుంచి నేనే కలుపుతా, ఇద్దరికీ."