కింది వాటా చీపురుకర్ర

గురువారం మధ్యాహ్నం రెండింటికి పెటిగ్రూ గడ్డం గీయించుకోవడానికి పోతాడు. మంగలి షాపులో కబుర్లు కూడా ఉంటాయి కాబట్టి నాలుగింటిదాకా రాడు. తన క్యాసెట్‌ని తనే దొంగిలించుకోవడానికి వెండెల్‌కి ఆ రెండు గంటలు చాలు.

ఆ క్యాసెట్‌లో ఉన్నది అతని మూడు నెలల చాకిరీ. పాత సామాన్ల కొట్లో ఒక రికార్డు దొరికింది. పాడినావిడ పేరు కూడా లేదు దాని మీద. ఆ గొంతు వినగానే మనవాడికి ఒళ్లు ఝల్లుమంది. మంచం మీద డ్రమ్ మెషిన్, పక్కన బేస్ స్వరాలు వాయించే పెట్టె పెట్టుకుని, ఆ గొంతుని పరుగులు పెట్టించి, కింద దరువు పరిచి రీమిక్స్ చేశాడు. షికాగో దక్షిణపు వీధుల్లో ఆ ఏడు ప్రతి కుర్రాడూ పడగ్గదిలో చేస్తున్నది అదే. వీడిది మాత్రం నిజంగా బాగా కుదిరింది.

రికార్డుల కంపెనీ పెటిగ్రూ అది విని, "చూద్దాంలే" అని సొరుగులో పడేశాడు. తీరా చూస్తే ఈ శుక్రవారం దాన్ని ఫ్యాక్టరీకి పంపి రికార్డులు కొట్టిస్తున్నాడట, తన మేనల్లుడి పేరు మీద! మళ్లీ చేద్దామా అంటే, బ్యాటరీలు మార్చగానే బేస్ పెట్టె నేర్చుకున్నదంతా మరిచిపోయి కూర్చుంది. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. వెండెల్ వెళ్లి, "నా క్యాసెట్ నాకివ్వకపోతే నీ అంతు చూస్తా!" అని వీధి మొత్తం వినేలా అరిచి వచ్చాడు. బుద్ధి తక్కువ పని. ఇప్పుడు క్యాసెట్ మాయమైతే పోలీసులు నేరుగా ఇతని గుమ్మంలోకే వస్తారు.

అందుకే సాక్షి కావాలి. సాక్షి కింది వాటాలోనే ఉంది.

మిస్ ఆర్లీతాకి యాభై దాటాయి. ఆదివారం చర్చి, మిగతా రోజులు చిరాకు. డ్రమ్ములు ఎంత మోగినా ఉలకదు పలకదు గానీ, రికార్డులో ఆ ఆడగొంతు మొదలైందా, చీపురుకర్ర తీసుకుని కింద నుంచి పైకప్పుని పొడవడమే పొడవడం. మూడు నెలలుగా ఇదే వరస. భక్తురాలు కదా, ప్రేమ పాటలు గిట్టవు కాబోలనుకున్నాడు వెండెల్.

"ఇవాళ మాత్రం బాగా పొడు తల్లీ," అనుకుంటూ డ్రమ్ మెషిన్ నొక్కాడు. ఆపేదాకా అది ఆగదు. ప్లేయర్ పైచెయ్యి పక్కకి నెట్టాడు. అలా నెడితే రికార్డు అయిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. స్పీకర్లు నేలకేసి తిప్పి, వెనక మెట్ల మీదుగా జారుకున్నాడు.

పెటిగ్రూ ఆఫీసు వెనక కిటికీ బిగుసుకుపోయి ఉంది. దాంతో కుస్తీ పట్టి, మోకాలు చీరుకుని, లోపలున్న చెత్తబుట్ట మీద దబ్బున పడ్డాడు. సొరుగు తెరిచే ఉంది. అందులో క్యాసెట్ లేదు. బీరువాలో లేదు, బల్ల కింద లేదు, గదంతా తిరగేసినా లేదు. ఒకరోజు ముందే పంపేశాడన్నమాట! వెండెల్ అక్కడే కూలబడి, పాతికేళ్లవాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి, పేరు లేని ఆవిడ పాడుతూనే ఉంది. కింద మాత్రం చప్పుడు లేదు. పొడిచి పొడిచి అలిసిపోయి ఉంటుంది పాపం.

అయిదింటికి డిటెక్టివ్ గెయిన్స్ వచ్చాడు.

"పెటిగ్రూ ఆఫీసులో దొంగలు పడ్డారు. రెండు నుంచి నాలుగు దాకా ఎక్కడున్నావయ్యా?"

"ఇంట్లోనే సార్. పాట చేసుకుంటున్నా."

"ఎవర్నడిగినా ఇంట్లోనే అంటారు. చూసినవాళ్లున్నారా?"

"చూసినవాళ్లు లేరు గానీ విన్నవాళ్లున్నారు. కింద అడగండి."

గెయిన్స్ కిందికి దిగాడు. వెండెల్ మెట్ల మీద నిలబడి చెవులు రిక్కించాడు.

"ఇంట్లో లేకపోవడమా!" మిస్ ఆర్లీతా గొంతు ఖంగుమంది. "ఆ మోతకి నా గిన్నెలన్నీ అరలోంచి దూకాయి! రెండు గంటలు చీపురుకర్రతో పొడిచాను, భుజం పట్టేసింది. వినపడిందో లేదో వాణ్నే అడగండి!"

గెయిన్స్ తలెత్తి చూశాడు. "వినపడిందా?"

"వినపడకేం సార్! ఆవిడ ఒక్క నిమిషం ఆపితేగా!"

డిటెక్టివ్ ఇద్దరి మాటా రాసుకుని, నిట్టూర్చి, కారెక్కాడు.

కారు మలుపు తిరగగానే మిస్ ఆర్లీతా పైకొచ్చింది. మూడేళ్లలో ఆవిడ ఈ మెట్లెక్కడం ఇదే మొదలు. చేతిలో పళ్లెం, దాని మీద గుడ్డ.

"కేకు ఎందుకండీ, మీకు శ్రమ," అన్నాడు వెండెల్.

ఆవిడ గుడ్డ తీసింది. పళ్లెంలో క్యాసెట్ ఉంది, వెండెల్ చేతిరాతతోనే.

వెండెల్ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వు కిటికీలోంచి పడ్డప్పుడు తలుపు పక్కన కోట్లు వేలాడుతున్నాయి చూడు, వాటి వెనకున్నాను. నేను తలుపులోంచే వెళ్లాన్లే. ఆ పిసినారి తాళం కూడా మార్చలేదు, నా దగ్గర అప్పటి తాళంచెవే ఉంది. నువ్వు ఏడుపు ఆపి ఎప్పుడు పోతావా అని చూస్తుంటే ఎంతసేపురా బాబూ, నా నడుం పడిపోయింది."

"అప్పటి తాళంచెవేంటి? అసలు ఈ క్యాసెట్ మీకెందుకు?"

మిస్ ఆర్లీతా ప్లేయర్ దగ్గరికెళ్లి, ఆ రికార్డు చేతిలోకి తీసుకుని, పేరు లేని చోట బొటనవేలితో తుడిచింది.

"ఇరవై రెండేళ్ల కిందట పెటిగ్రూగాడు దీని మీద నుంచి నా పేరు తీసేశాడు, వాడి సంగతి ఇవాళ చూశాను. మరి నువ్వు? నా గొంతుని అలా పరుగెత్తిస్తే ఊపిరెక్కడ పీల్చుకోనురా, మూడు నెలలుగా పొడిచి పొడిచి చెబుతుంటే!"