ఆఖరి గ్రూపు ఫొటో

"అందరూ ఇటు సూడండి, ఇంకొక్కటి!" అంటన్నాది నా పెళ్ళాం లీలారాణి. ఆ మాట ఎన్నోసారో!

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళిళ్ళ సీజనంతా నొక్కి నొక్కి అరగదీసిన మా స్టూడియో కెమెరా అది. షట్టర్ నేడో రేపో అన్నట్టున్నాది. మా ఊరి బడి మాస్టారి శవపెట్టె చుట్టూ చుట్టాలు నిలబడ్డ ఒక్క ఫొటోకి ఇన్ని నొక్కుళ్ళా?

"ఒసే, సాల్లే! పోయినాయన కళ్ళార్పుతాడేటి, కదుల్తాడేటి?" అని దాని చెవిలో కసిరేను.

వినిపించుకోలేదు. "బాబూ, మీరు కాస్త ఇటు జరగండి. ఇంకొక్కటి."

మాస్టారి కొడుకులు విసుక్కుంటన్నారు. మా చర్చి సంఘంలో ఈ గ్రూపు ఫొటో అయ్యాకే పెట్టె మీద మూత పెడతారు.

ఇంక ఆగలేక కెమెరా లాక్కున్నాను. తెర మీద ఎర్రర్! షట్టర్ ఎప్పుడో పోయింది. లీలారాణి ఉత్త ఫ్లాష్ వెలిగిస్తన్నాది.

"మొత్తానికి పాడుసేసేవు! మరింకా ఏటి తీస్తన్నావే?"

"అరవకు బావా," అంది గుసగుసగా. "మాస్టారి కూతురు దార్లో ఉన్నాది, చీపురుపల్లి దాటిందట. కులం కానోణ్ణి సేసుకుందని అన్నదమ్ములు ఆగేది లేదంటన్నారు. ఫొటో అయిపోతే మూతెట్టేస్తారు. తండ్రి మొహం సూడొద్దేటి ఆ పిల్ల?"

పెద్దకొడుకు అప్పుడే మూత మీద చెయ్యేసేడు.

చచ్చిన కెమెరా కంటికి ఆనించుకుని, వీధంతా వినబడేలా అరిచేను.

"ఎవుడ్రా కదిలింది? మూత కింద పెట్టి మళ్ళీ వరసగా నిలబడండి! ఇంకొక్కటి!"