ఊరికే కూర్చున్న మనిషి

"మందిరంలో ముందు బల్ల మీద ఎవరో ఉన్నారు, చూశావా?"

చర్చి వంటింట్లో సూపు గిన్నె దించుతూ అడిగింది గ్రెచెన్. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరి లూథరన్ చర్చికి పాస్టరు ఆమే.

"పొద్దుటి నుంచీ అక్కడే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు పాస్టరమ్మా," అంది క్యారెట్లు తరుగుతున్న లవోన్. "చలికి వచ్చుంటాడు. మన హీటరు బాగా పని చేస్తుంది కదా."

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో బుధవారం సాయంత్రమంటే ఊరంతా చర్చిలో సూపు తాగుతుంది. ఆ తర్వాత ఆరాధన. బల్లలు పరచాలి, రొట్టెలు కోయాలి, ప్రసంగం ఇంకా రాయాలి.

గ్రెచెన్ చేతులు తుడుచుకుంటూ మందిరంలోకి వెళ్ళింది.

"పెద్దాయనా, ఎవరి కోసమైనా చూస్తున్నారా?"

ఆయన కళ్ళు తెరిచాడు. పాత కోటు, మంచుకు తడిసిన బూట్లు.

"లేదమ్మా. ప్రార్థన చేసుకుంటున్నాను."

"పొద్దుటి నుంచీనా?"

"మాటలు ఎప్పుడో అయిపోయాయి. ఊరికే ఆయన దగ్గర కూర్చున్నాను."

గ్రెచెన్‌కు నవ్వొచ్చింది.

"దేవుడికి తీరిక ఉందేమో, మాకు లేదు. ఆ మడత కుర్చీలు కింది హాల్లోకి చేరుస్తారా?"

"చేరుస్తాను. ఇంకాస్త ఉంది."

"ఏముంది, కూర్చోవడమా?"

గుమ్మంలో లవోన్ కిసుక్కుమంది.

ఆయన నొచ్చుకోలేదు.

"మీరూ కాసేపు కూర్చోండమ్మా. ఏప్రన్ తిరగేసి కట్టుకున్నారు."

గ్రెచెన్ గబగబా ఏప్రన్ విప్పి సరిగ్గా కట్టుకుంది.

పోయిన ఆదివారం ప్రభువు ప్రార్థన మధ్యలో ఆమెకు మాట అందలేదు. చిన్నపిల్లలకు కూడా వచ్చిన ప్రార్థన అది. జనమే పూర్తి చేశారు. ఇలాగే పరుగెత్తితే ఒకరోజు వేదిక మీదే పడిపోతావని డాక్టరు చెప్పాడు. మూడు నెలలు సెలవు కావాలని బిషప్పును బతిమాలుకుంది. నీ బదులు నిలబడే మనిషి దొరికితే అలాగే అన్నారాయన. ఆ కబురు కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు.

"అలిసిపోయారా అమ్మా?"

ఆ మాట ఆయన చాలా నెమ్మదిగా అడిగాడు.

అవునని చెప్పడానికి ఒక్క క్షణం నోరు తెరిచింది. కానీ హీటరు కోసం వచ్చినవాడికా చెప్పుకోవడం?

"అలసట పనీపాటా లేనివాళ్ళకి. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"నిజంగానా?"

"కళ్ళు మూసుకుని కూర్చుంటే సంఘాలు నడవవు పెద్దాయనా. వెచ్చదనమే కావాలంటే లైబ్రరీ తెరిచే ఉంటుంది."

ఆయన కోటు గుండీలు పెట్టుకున్నాడు.

"మీ మాటే నమ్ముతానమ్మా."

లేచి కుర్చీలన్నీ కిందికి చేర్చాడు. ఒక్కటీ చప్పుడు చేయలేదు. తర్వాత వెళ్ళిపోయాడు.

"కసిరితే గానీ కదల్లేదు," అంది గ్రెచెన్ వంటింట్లోకి వస్తూ. "ఇలాంటివాళ్ళు ఊరికి ఇద్దరుంటే చాలు, చర్చికి తాళం వేసుకోవచ్చు."

"భక్తి కాదు పాస్టరమ్మా, బద్ధకం," అంది లవోన్.

జనం రావడం మొదలయ్యే వేళకు బిషప్పు ఫోను చేశారు.

గ్రెచెన్ గరిటె పక్కన పెట్టేసింది.

"నా సెలవు సంగతేనా అయ్యగారూ?"

"సెలవెందుకు, నువ్వు కులాసాగా ఉన్నావట కదా. చాలా సంతోషం. ఆర్విడ్ గారిని ఏటవతలి సంఘానికి పంపుతున్నాను. అక్కడి పాస్టరుకు చెప్పేశాను. పాపం, సెలవు దొరికిందని ఫోనులోనే ఏడ్చేశాడు."

"ఆర్విడ్ గారెవరు?"

"రిటైరైన పాస్టరు, నీ బదులు నిలబడతారని నేను పంపిన పెద్దాయన; ఎవరి భారమైనా ఎత్తుకునే ముందు వాళ్ళ చర్చిలో, వాళ్ళ కోసం ఒక పూట అలా ఊరికే కూర్చుంటారు."