లోయలోకి దిగిన ఎండ

ఇరుకైన లోయ ఒకటుండేది. పైన కొండ కొమ్మున పొద్దస్తమానం ఎండే. అడుగున మాత్రం ఒక్క నల్లబండ దగ్గరే పడేది. ఆ బండను ఉడుము ఆక్రమించింది. ఎవరికి వెచ్చదనం కావాలన్నా దాని ముందు మూడుసార్లు తల వంచాలి.

కెంపి అనే తొండ ఆ ఏడు బండ పక్క ఇసుకలో గుడ్లు పెట్టింది. "ఎండ ఎవడబ్బ సొత్తూ కాదు. నేను తల వంచను" అంది. ఉడుము నవ్వి, గుడ్ల మీద తన నీడ పడేలా అడ్డంగా పడుకుంది. రెండు రోజుల్లో ఇసుక చల్లబడిపోయింది. ఇంకొక్క రోజు అలాగే ఉంటే గుడ్లు దక్కవు.

కెంపి ఏడుస్తూ కూర్చోలేదు, కొండెక్కింది. అక్కడ లోయను గద్ద నుంచి కాచే కాపలా కాకులు ఏళ్ల తరబడి తళతళలాడే కాకిబంగారం రేకులు పోగేసి, గద్ద కళ్లలోకి వెలుగు కొట్టడం సాధన చేస్తున్నాయి.

"కాపలా మానేసి లోయకు గింజలు తెచ్చిపెట్టమని కింద నుంచి అరిచేదానివి నువ్వే కదూ?" అంది ముసలి కాకి.

"నేనే మామా. గింజల మాట ఇప్పటికీ అంటాను. మీ పనిని పిల్లలాట అనడం మాత్రం నా తప్పు. గద్దను ఆపే వెలుగు గుడ్డును బతికించలేదా?"

"మాకీ సంగతి తోచనే లేదే" అంటూ కాకి పెద్ద రేకును వాల్చింది.

"అటు కాదు మామా, ఎడమకు."

వెలుగు ఉడుమును దాటి వెళ్లి ఇసుక మీద నిలిచింది.

కొన్నాళ్లకు తొండపిల్లలు బయటికొచ్చి తలలూపాయి. తనకే దండం పెడుతున్నాయని ఉడుము మురిసిపోయింది. తీరా చూస్తే పిల్లలన్నీ కొండ కొమ్ము వైపు తిరిగి ఉన్నాయి.