నువ్వుగింజంత ముడి

“ఇది మా అమ్మ శాలువా కాదు,” అంటూ లెక్కల టీచరమ్మ మడతపెట్టిన శాలువాను బల్ల మీద పెట్టింది.

చిరిగిన బట్టను కుట్టు కనబడకుండా బాగుచేయడంలో ఆ వీధిలో రఫూ మేస్త్రిని మించినవాడు లేడు. గుమ్మం మీద ‘చిరుగులు మాయం చేయబడును’ అని బోర్డు కూడా ఉంది.

“ఎందుక్కాదమ్మా?” అన్నాడు మేస్త్రి.

“మా అమ్మ శాలువాకి నడిమధ్య నిప్పురవ్వ పడి పెసరగింజంత చిల్లుంది. పోయిన వారం మీకు చూపించే ఇచ్చాను. దీనికి చిల్లేదీ?”

మేస్త్రికి నవ్వాగలేదు. “పూడ్చమనే కదమ్మా ఇచ్చారు! పూడ్చాను. అందుకే లేదు.”

“పూడిస్తే పూడ్చిన జాడ ఉండాలిగా? భూతద్దం పెట్టి వెతికాను, పోగు కూడా తేడా లేదు. చిల్లు లేదంటే మీరు బాగుచేసైనా ఉండాలి, శాలువా మార్చేసైనా ఉండాలి. నేనేది నమ్మాలి?”

మూల ఇస్త్రీ చేసుకుంటున్న మేస్త్రి భార్య ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ చొక్కా కాలరు మీదికి వంగింది. ఆ కొట్లో ఆవిడ పని ఇస్త్రీ, సూదిలో దారం ఎక్కించడం, అంతే. దారం మేస్త్రి తనే ఎందుకు ఎక్కించుకోడంటే చూపు ఆనక కాదట, అది పనిమంతుడి దర్జా అట. మేస్త్రే చెబుతాడు.

“చూడండమ్మా,” అన్నాడు మేస్త్రి గొంతు సవరించుకుని. “పనితనం వేరు, కళ వేరు. కుట్టు ఎంత బాగుందో అంటే అది పనితనం. కుట్టు ఎక్కడా అని అడిగితే అది కళ. ఇప్పుడు మీరడుగుతున్నది అదే.”

“నాకు కళ వద్దు మేస్త్రిగారూ. మా అమ్మ శాలువా కావాలి.” అంది టీచరమ్మ. “అమ్మెలాగూ లేదు. మిగిలింది ఇదొక్కటే.”

మేస్త్రి మనసు చివుక్కుమంది. “కంగారుపడకండి. పని ముగించాక వెనకవైపు నువ్వుగింజంత ముడి వేస్తాను. అది నా సంతకం. కంటికి ఆనదు, వేలికి తగులుతుంది. ఇప్పుడే చూపిస్తా.”

శాలువా తిరగేసి చూపుడువేలితో నడిమధ్య తడిమాడు. ముడి లేదు. ఎడమకి తడిమాడు, కుడికి తడిమాడు. అంచు నుంచి అంచుకి అరచేయి పెట్టి నిమిరాడు. లేదు.

“అదేంటీ?” అన్నాడు తనలో తను.

మూడు రోజులు కూర్చుని ఆ పని చేసినట్టు బాగా గుర్తే. రోజూ మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచేసరికి, తాను అనుకున్నదానికన్నా బాగా కుదిరినట్టు అనిపించింది కూడా. ఈమధ్య అన్ని పనులూ అలాగే కుదురుతున్నాయి. వయసు పెరిగేకొద్దీ చెయ్యి తిరుగుతోందని మురిసిపోయాడు. మరి ముడేదీ? వేసినట్టే గుర్తు. వేసింది దీనికేనా, నిన్నటి కోటుకా?

అరలో అదే రంగు శాలువాలు ఇంకో రెండున్నాయి. లాగి చూశాడు. ఒకదానికి అంచు చిరిగింది, రెండోది చిమ్మటలు కొట్టేసింది. రెండింటికీ నడిమధ్య చిల్లూ లేదు, ముడీ లేదు. మొన్న ఓ పెద్దాయన శాలువా తీసుకెళ్ళాడు. అదీ ఇదే రంగా? ఇదే రంగేమో. కాదేమో. ఆలోచించినకొద్దీ మేస్త్రి బుర్ర తిరిగిపోయింది. వచ్చింది శాలువానో దుప్పటో కూడా తేల్చుకోలేకపోయాడు.

“చెప్పండి,” అంది టీచరమ్మ.

మేస్త్రి ఆ రెండు శాలువాలూ తిరిగి అరలో పెట్టేశాడు. “ముడి లేదంటే ఇది నా పని కాదమ్మా. నా పని కాదంటే... ఇది మీ శాలువా కాదు. మీ అమ్మగారి శాలువా ఎవరి చేతికిచ్చానో నాకే తెలీడం లేదు.”

టీచరమ్మ బెంచీ మీద కూలబడింది.

మేస్త్రి ఇంకో మాట లేకుండా స్టూలు గుమ్మంలోకి లాక్కెళ్ళి ఎక్కాడు. బోర్డు మేకుల నుంచి తప్పించి చేతుల్లోకి తీసుకున్నాడు. “నా పని నేనే పోల్చుకోలేనివాణ్ణి, నాకెందుకమ్మా ఈ కొట్టు!”

ఇస్త్రీపెట్టె ఆగింది. మేస్త్రి భార్య చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి, శాలువాను గుమ్మం వెలుతురులో పరిచింది. వెతకనైనా లేదు. నేరుగా ఒకచోట వేలు పెట్టి, సూదిమొనతో ఒక్క పోగు పైకి లేపింది.

“భూతద్దం పెట్టి చూడండమ్మా.”

ఆ పోగు కింద నిప్పురవ్వకి కాలి గోధుమరంగుకి తిరిగిన దారం కొస ఒకటి, చీమ కాలంత, దాక్కుని ఉంది.

“ఇదే! ఇక్కడే!” టీచరమ్మ శాలువాను మొహానికి హత్తుకుని ఏడ్చేసింది. “మా అమ్మదే! మేస్త్రిగారూ, మిమ్మల్ని అనుమానించాను. ఇది పని కాదండీ, కళే. మీ చేతికి దణ్ణం పెట్టాలి.”

టీచరమ్మ వీధి మలుపు తిరిగేదాకా మేస్త్రి ఆ స్టూలు మీదే, ఆ బోర్డు పట్టుకునే నిలబడ్డాడు. ఆనందపడాలో సిగ్గుపడాలో అర్థం కాలేదు.

“ముడి లేని కుట్టు నాది కాదే. నాకే దొరకని చోటు నీకెలా తెలిసింది?”

భార్య సూదిని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేసింది.

“ఈసారి మీ ముడి వెయ్యడం మర్చిపోయానండీ.”