డిమ్నా గట్టు మీద చూపులు

పెళ్ళిచూపులన్న మాట ఎవరి నోటా రాలేదు. పిక్నిక్ అన్నారు.

ఏర్పాటంతా దాలమ్మది. బారిడీహ్‌లో వరహాలమ్మ, ఆమె కూతురు కాంతం ఉండే ఇంటికి పక్కిల్లే ఆమెది.

"ఇంటికి పిలిత్తే వీధంతా కిటికీల్లోంచి సూత్తాది. జూబిలీ పార్కులో అయితే సగం బారిడీహ్ అక్కడే ఉంటాది. డిమ్నా చెరువు కాడికి పోదాం. ఎవులికీ అనుమానం రాదు," అంది.

అంతకుముందు ఆమె రెండు సంబంధాలు తెచ్చింది. రెండూ వరహాలమ్మే వద్దంది. ఒకడి మాట తీరు నచ్చలేదు. ఇంకొకడి ఇల్లు నచ్చలేదు.

"ఇదీ కాదంటే ఇంక నన్నడక్కండి," అని దాలమ్మ ముందే చెప్పేసింది. 

ఆ రోజు పొద్దున్నే చీర దగ్గర తల్లీకూతుళ్ళకి గొడవైంది. తల్లి పాత నీలం చీర చాలంది. కూతురు కొత్త ఆకుపచ్చదే కట్టాలంది. చివరికి ఆకుపచ్చే గెలిచింది. దాలమ్మ చామంతులు తెచ్చి, వద్దంటున్నా వినకుండా అందరి తలల్లోనూ పెట్టేసింది.

వాళ్ళు మినీబస్సు దిగేసరికే పోలరాజు, అతని కొడుకు ఆదిబాబు స్కూటరు మీద వచ్చి ఉన్నారు. పోలరాజు దాలమ్మకి వరసకు తమ్ముడు. తండ్రీకొడుకులిద్దరూ గోవింద్‌పూర్ దగ్గర ట్రక్కుల ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఆదివారం జనం ఎక్కువగా ఉంటారని దాలమ్మ వద్దంటే, ఇద్దరూ సెలవు పెట్టుకుని వచ్చారు. ఇద్దరూ తలకి నూనె రాసి నున్నగా దువ్వుకున్నారు. పోలరాజుది బిష్టుపూర్‌లో కుట్టించిన కొత్త టెర్లిన్ ప్యాంటు. మడత నలుగుతుందని నిలబడే ఉన్నాడు.

అతను పలకరించాలని నోరు తెరిచాడు. ఏం అడగాలో తోచలేదు.

"బస్సులో సీటు దొరికిందా?"

"దొరికింది," అంది వరహాలమ్మ.

అక్కడితో ఇరువైపులా మాటలు అయిపోయాయి. ఎదురుగా ఉన్న దల్మా కొండని అందరూ మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

దాలమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "కాంతం, ఆదిబాబూ, మీరిద్దరూ అలా గట్టు మీద నడిచి రండి. మాటాడుకోవాలి గదా మరి," అని తను పుల్లలు ఏరడానికి వెళ్ళిపోయింది.

గట్టు మీద చలిగాలి వీస్తోంది. కొంత దూరం నడిచాక ఆమే మొదలుపెట్టింది.

"కొన్ని అడగాల. ఏటీ అనుకోకండి."

"అడగండి. సచ్ సచ్, ఉన్నదున్నట్టు చెప్తాను," అన్నాడు ఆదిబాబు.

"తాగుడుందా?"

"హోలీకి కొంచెం భంగు. అంతే."

"కోపం?"

"వత్తాది. వచ్చినప్పుడు మాటలు ఆగిపోతాయి. అన్నం మాత్రం ఆగదు."

కాంతం నవ్వాపుకుంది. "గురక?"

ఈ ప్రశ్న వస్తుందని ఆదిబాబు అనుకోలేదు. అబద్ధం చెప్పినా రేపు తెలిసిపోయేదే. "నైట్ షిఫ్ట్ చేసొచ్చిన రోజు పక్కింటోళ్ళు గోడ బాదుతారు," అని ఒప్పేసుకున్నాడు. తర్వాత, "మరి మీ వైపు?" అన్నాడు.

"వంట బాగుంటాది. పంతం ఎక్కువ. సినిమాకని చెప్పి ఎగ్గొడితే వారం దాకా పలుకుండదు."

"సినిమాలకేటి, వారం వారం," అని అతను ధైర్యంగా మాటిచ్చేశాడు.

అప్పుడే కింద నుంచి దబ్బున చప్పుడైంది.

నీళ్ళకని బిందె పట్టుకెళ్ళిన పోలరాజు నాచు మీద కాలు జారి, కొత్త ప్యాంటుతో సహా చెరువులో కూలబడ్డాడు. బిందె మెల్లగా తేలుకుంటూ పోతోంది. వరహాలమ్మ గట్టున నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా ఆమె నవ్వు పైదాకా వినిపించింది.

ఆదిబాబు తల పట్టుకున్నాడు. "ఇజ్జత్ చలీ గయీ, పరువు పోయింది. ఇంక ఈ సంబంధం తప్పిపోయినట్టే."

కాంతం కిందకే చూస్తోంది. తల్లి అలా నవ్వగా ఆమె చూసి చాలా ఏళ్ళయింది.

వాళ్ళు దిగి వచ్చేసరికి పోలరాజు దాలమ్మ తెచ్చిన దుప్పటి చుట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. ప్యాంటు తుప్ప మీద ఆరుతోంది. వరహాలమ్మ పొయ్యి ఊదుతూ మధ్యమధ్య ఆగి నవ్వుతోంది. చూసి చూసి అతను కూడా నవ్వేశాడు. ఆ సందట్లో అన్నం అడుగంటింది. కోడికూరతో అందరూ ఆ మాడు అన్నమే తిన్నారు. బాగాలేదని ఒక్కరూ అనలేదు.

భోజనాలయ్యాక కాంతం పళ్ళేల వంక పెట్టుకుని తల్లిని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఏటంటావే అమ్మా?"

వరహాలమ్మ ఇసుకతో పళ్ళెం తోముతోంది.

"అంతమంది ముందు పడ్డాడు. నాను నవ్వితే కోపం రాలేదు. తనూ నవ్వేడు," అంది. "అలాటి మనిషున్న ఇల్లు మంచిదే. నీకు ఇష్టమేనా? మొగమాటపడకుండా సెప్పు."

కాంతం తలూపింది. కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఎల్లి సెప్పెయ్," అని తల్లి తల తిప్పేసుకుంది.

దాలమ్మ ఎదురొచ్చింది గానీ కాంతం ఆగలేదు. గట్టు ఎక్కి, దిగులుగా స్కూటరు తుడుచుకుంటున్న ఆదిబాబు దగ్గరికే నేరుగా వెళ్ళి చెప్పింది:

"అన్నియ్యా, మీ నాన్నని చేసుకోడానికి మా అమ్మ ఒప్పుకుంది."